ఆ మందు ఆపేశారట... ఇప్పుడేం చేద్దాం?

ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారు: “ఫలానా మాత్ర బ్యాన్ చేశారంట, ఎవరూ వాడకండి” అని. చదవగానే మన గుండె జారిపోతుంది. ఆ మాత్ర మన ఇంట్లోనే ఉంది మరి. ఉండటమేమిటి, నిన్న రాత్రే అత్తగారికి ఇచ్చాం. పోయిన చలికాలంలో బాబుకి ఒళ్ళు కాలిపోతుంటే సగం విరిచి చెంచాడు నీళ్ళలో కరిగించి పట్టాం. ఇంక మనసు ఊరుకుంటుందా? వాడికేమైనా అవుతుందేమో, నా చేతులారా ఇచ్చానే, ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేం, డాక్టరుగారికి తెలియదా... ఒకదాని వెనక ఒకటి ఆలోచనలు. రా చెల్లీ, ఇలా కూర్చో. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. ఈ చిక్కుముడి మెల్లిగా విప్పుకుందాం.

మొట్టమొదట ఆ “నా చేతులారా” అన్న మాట పక్కన పెట్టెయ్. పిల్లాడు జ్వరంతో మూలుగుతుంటే చూస్తూ కూర్చోలేక ఇచ్చావు. ఆ రోజు షాపులో అమ్మారు, ఇంట్లో పెద్దవాళ్ళు వెయ్యమన్నారు, వేశావు. అందులో నీ తప్పేముంది? ఇంకో మాట కూడా విను. నొప్పి బిళ్ళల వల్ల లివరుకి వచ్చే ఇబ్బంది సాధారణంగా మందు వాడుతున్న రోజుల్లోనో, ఆ తర్వాత కొద్ది వారాల్లోనో బయటపడుతుంది. ఎప్పుడో పోయిన చలికాలంలో వేసిన మాత్ర గురించి, ఇవాళ వీధిలో సైకిలు తొక్కుతున్న పిల్లాణ్ణి చూసి కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు.

మన ఇళ్ళల్లో ఈ బెంగ ఎక్కువగా పెట్టిన మందు నిమెసులైడ్. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, “నైస్ మాత్ర” అంటే తెలియని ఇల్లు ఉండదు. తలనొప్పికి నైస్, ఒళ్ళు నొప్పులకి నైస్, పన్ను సలుపుకి నైస్. జ్వరం చటుక్కున దిగుతుందని ఒకప్పుడు పిల్లలకి కూడా నిమెసులైడ్ సిరప్ తెగ పట్టేవాళ్ళం. లివరు దెబ్బతింటోందన్న అనుమానంతో 2002లోనే ఫిన్లాండ్, స్పెయిన్ దీని అమ్మకం ఆపాయి. 2007లో ఐర్లాండ్ ఆపింది. అమెరికాలో అయితే దీనికి అసలు అనుమతే ఇవ్వలేదు. మన దేశంలో 2011 ఫిబ్రవరిలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. 2023 జూన్‌లో నిమెసులైడ్, పారాసెటమాల్ కలిపి నీళ్ళలో కరిగేలా చేసిన బిళ్ళల్ని నిషేధించారు. 2025 డిసెంబరు ఆఖరున 100 మిల్లీగ్రాములు మించిన నిమెసులైడ్ మాత్రల్ని ఆపేశారు.

గమనించావా? మందు ఒక్క దెబ్బతో మాయం కాలేదు. ముందు పిల్లల దగ్గర ఆపారు, తర్వాత ఒక కలయికను ఆపారు, ఆ తర్వాత పెద్ద మోతాదును ఆపారు. పెద్దవాళ్ళకిచ్చే 100 మిల్లీగ్రాముల బిళ్ళ ఆ ఉత్తర్వు కిందకి రాదు. గ్రూపులో వచ్చే మెసేజ్‌లో ఈ తేడాలేవీ ఉండవు, “బ్యాన్” అని ఒక్క మాటే ఉంటుంది. అందుకే అలాంటిది చూడగానే మనం ఒకటే అడగాలి: ఏది ఆపారు? మందునే ఆపారా, మోతాదునా, పిల్లలకి ఇవ్వడాన్నా, లేక ఒక్క కంపెనీ తయారుచేసిన ఒక్క బ్యాచ్‌నా? దీనికి జవాబు దొరికే దాకా పారేయకు, కొత్తది మింగకు. నీకు తెలిసిన మెడికల్ షాపులో ఫార్మసిస్టుని అడిగితే రెండు నిమిషాల్లో చెబుతాడు. పిల్లల జ్వరం మాటకొస్తే పారాసెటమాల్ ఉండనే ఉంది. దాన్ని బరువును బట్టి, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు. పక్కింటి పాప బరువు వేరు, మన పాప బరువు వేరు. ఈసారి డాక్టరుగారి దగ్గరికి వెళ్ళినప్పుడు ఎన్ని మిల్లీలీటర్లు పట్టాలో చీటీ మీద రాయించుకుని, ఆ చీటీని ఫ్రిజ్ తలుపుకి అంటించెయ్.

“అంత ప్రమాదమైతే ముందే ఎందుకు తెలుసుకోలేదక్కా?” అంటావు. న్యాయమైన కోపమే. మందు బజారుకి రాకముందు దాన్ని కొన్ని వేలమంది మీద పరీక్షిస్తారు. వాళ్ళలో చంటిపిల్లలు, గర్భిణులు, ఐదు రకాల మాత్రలు మింగే డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళు తక్కువే ఉంటారు. ఇరవై వేలమందిలో ఒక్కరికి వచ్చే కీడు ఆ కొన్ని వేలమందిలో కనపడకపోవచ్చు. గుప్పెడు బియ్యం చేటలో పోసి చెరిగితే రాయి తగలకపోవచ్చు, బస్తా బియ్యం వండుకుంటుంటే ఏదో ఒకరోజు పంటి కింద పడుతుంది. లక్షలమంది వాడాకే తెలిసే సంగతులు కొన్ని ఉంటాయి.

కీళ్ళనొప్పులకి రోఫెకాక్సిబ్ అని ఒక మందు ఉండేది, బయట వయాక్స్ అనేవారు. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది, 80కి పైగా దేశాల్లో అమ్మారు. కడుపులో మంట తక్కువని పెద్దవాళ్ళు ఇష్టంగా వాడారు. ఆ మందు పేగుల్లో వచ్చే చిన్న కణుతులకి పనికొస్తుందేమో చూద్దామని ఒక పరీక్ష మొదలుపెడితే, పద్దెనిమిది నెలలు దాటేసరికి ఆ మాత్ర వేసుకున్నవాళ్ళలో గుండెపోటు, పక్షవాతం దాదాపు రెట్టింపు కనిపించాయి. 2004 సెప్టెంబరు 30న, దాన్ని తయారుచేసిన మెర్క్ కంపెనీయే ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. ఆ డిసెంబరులో మన దేశంలోనూ నిషేధించారు. ఆ గుర్తులు అంతకు ముందే కొన్ని కనిపించాయి, ఇంకా ముందే కదలాల్సింది అని చాలామంది డాక్టర్లు గట్టిగా అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. ఆపడం ఎంత మంచిదో, ఆలస్యంగా ఆపడం అంత బాధ. ఆ మధ్య కాలంలో మాత్ర మింగినవాళ్ళు ఎవరో ఒకరి అమ్మలు, నాన్నలే కదా.

ఆలస్యం ఎంత ఖరీదో చెప్పాలంటే థాలిడమైడ్ కథ చెప్పకుండా ఉండలేను. 1957లో పశ్చిమ జర్మనీలో నిద్రమాత్రగా వచ్చింది. గర్భిణుల వేవిళ్ళకి కూడా బాగా పనిచేస్తుందన్నారు. చీటీ లేకుండానే అమ్మారు. 1961 నవంబరులో అక్కడ ఆపేశారు గాని, ఆ మందు వల్ల ప్రపంచమంతా కలిపి చేతులూ కాళ్ళూ సరిగా ఎదగని పిల్లలు పదివేలమందికి పైగా పుట్టారు. ఆ తల్లులు ఒక్కొక్కరూ తామేదో పాపం చేశామని కుమిలిపోయి ఉంటారని తలచుకుంటేనే నాకు కడుపు తరుక్కుపోతుంది. వాంతులు తగ్గుతాయంటే నమ్మి వేసుకున్నారు, అంతే. అదే సమయంలో అమెరికాలో ఫ్రాన్సెస్ కెల్సీ అనే ఆవిడ, మందుల అనుమతులు చూసే ఉద్యోగంలో కొత్తగా చేరిన డాక్టరు, ఈ ఫైలు మీద సంతకం పెట్టనంది. కాగితాలు సరిగా లేవు, ఇంకా వివరాలు కావాలి అని కంపెనీని మళ్ళీ మళ్ళీ అడిగింది. కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా కదల్లేదు. ఆవిడ పట్టుదల వల్ల అక్కడ ఎన్ని ఇళ్ళు బతికిపోయాయో! ఇవాళ గర్భంతో ఉన్నప్పుడు “డాక్టర్ని అడక్కుండా ఏ బిళ్ళా వద్దు” అని మనకి అంత గట్టిగా చెబుతారంటే ఈ కథ వల్లే. ఇంత కీడు చేసిన ఆ మందునే ఇప్పుడు కట్టుదిట్టమైన షరతుల మధ్య కుష్ఠువ్యాధిలో వచ్చే ఒక తీవ్రమైన బాధకి, ఎముక మూలుగలో వచ్చే ఒక రకం క్యాన్సర్‌కి వాడుతున్నారు. ఒకరికి విషమైంది ఇంకొకరికి అక్కర పడింది. అందుకే మందు మంచిదా చెడ్డదా అని కాకుండా ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు అని అడగడం మనం నేర్చుకోవాలి.

ఇప్పుడు ఇంకో రకం చూద్దాం. మందులో తప్పు లేదు, తయారీలో ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా వైపు చిన్నపిల్లలు దగ్గు మందు తాగి కిడ్నీలు పాడై చనిపోయారు, ఇరవైమందికి పైనే. ఆ సిరప్ కోల్డ్‌రిఫ్, తమిళనాడు కాంచీపురం జిల్లాలో తయారైంది. పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. అది ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకం, మందులో ఉండనిచ్చేది 0.1 శాతమే. వెంటనే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా ఎస్‌ఆర్-13 అనే ఆ బ్యాచ్ సీసా ఎవరింట్లో ఉన్నా వాడొద్దని హెచ్చరించింది. ఆ రోజుల్లోనే కేంద్రం కూడా చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు సిరప్‌లు అసలు వద్దు, ఐదేళ్ళ లోపు వాళ్ళకి మామూలుగా అవసరం ఉండదు అని. చంటిదానికి దగ్గు వస్తే మన ప్రాణం విలవిల్లాడుతుంది, ఏదో ఒకటి పట్టాలనిపిస్తుంది, ఆ తొందర నాకు తెలుసు. గోరువెచ్చని నీళ్ళు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు, ఏడాది దాటిన పిల్లలకైతే చెంచాడు తేనె, ఇవి చాలాసార్లు సరిపోతాయి. ఏడాది లోపు పిల్లలకి తేనె నాకించకు, అత్తగారు చెప్పినా సరే. ఏదైనా సిరప్ పట్టాక పిల్ల వాంతులు చేసుకుంటూ, ఒంటేలు బాగా తగ్గిపోయి, మత్తుగా పడుకుంటే మాత్రం తెల్లారే దాకా ఆగకు. ఆ సీసా కూడా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తు. భయంతో సీసా చెత్తబుట్టలో వెయ్యకు, డాక్టర్లకి కావలసింది అదే.

బ్యాచ్ అన్నాం కదా, అదెక్కడుంటుందో ఒకసారి చూద్దాం. లేచి ఆ మందుల డబ్బా తీసుకురా. ఏ స్ట్రిప్పయినా తీసుకో, వెనక వెండిరంగు వైపు తిప్పు. ఒక అంచున చిన్న అక్షరాల్లో మూడు వరసలుంటాయి: బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు తీరే నెల. కొన్నిటికి సిరాతో కాకుండా ఒత్తి అచ్చు వేస్తారు, కిటికీ దగ్గరికెళ్ళి కాస్త వంచి పట్టుకుంటే గాని కనపడవు. మనం ఏం చేస్తాం? ఆ అంచు వైపు నుంచే బిళ్ళలు నొక్కి తీస్తాం. షాపువాళ్ళు నాలుగే బిళ్ళలడిగితే కత్తెరతో కత్తిరించి ఆ అంచు వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారు. తర్వాత ఏ బ్యాచో, ఎప్పటిదో దేవుడికెరుక. ఇవాళ్టి నుంచి అవతలి వైపు నుంచి తియ్యడం అలవాటు చేసుకుందాం. విడిగా కొన్నా సరే బిల్లడుగు, అందులో బ్యాచ్ నంబరు ఉంటుంది. మొహమాటపడకు, అది మన హక్కు. 2023 ఆగస్టు 1 నుంచి బాగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ వెయ్యాలన్న నియమం కూడా వచ్చింది. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేసి, తెర మీద వచ్చిన బ్యాచ్ నంబరు, స్ట్రిప్పు మీదిది ఒకటేనా చూసుకో.

ఇక అత్తగారి గ్యాస్ బిళ్ళ సంగతి. రానిటిడిన్, మన వాడుకలో రాంటాక్, జినెటాక్. పరగడుపున ఒకటి వేసుకోనిదే కాఫీ తాగని పెద్దవాళ్ళు మనకి ఎంతమంది! 2019లో దానిలో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం కనిపించింది. బిళ్ళ నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ అది పెరుగుతుందని తేలాక 2020 ఏప్రిల్‌లో అమెరికా మొత్తంగా వెనక్కి తీసుకోమంది. మన దేశంలో పూర్తిగా నిషేధించలేదు గాని, 2022 సెప్టెంబరులో అత్యవసర మందుల జాతీయ జాబితాలోంచి తీసేశారు. వంటింట్లో పొయ్యి పక్క అరలో, రోహిణీకార్తె ఎండల్లో, మాత్రలు దాచుకునే మనం ఇది కాస్త మనసుకి పట్టించుకోవాలి. అయితే ఆవిడ చేతిలో స్ట్రిప్పు లాక్కుని “క్యాన్సరొస్తుంది” అని బెదిరించకు. ఆ మాట విని ఆవిడ రాత్రంతా నిద్రపోరు. “అత్తయ్యా, దీనికన్నా మంచివి వచ్చాయట, డాక్టరుగారిని అడుగుదాం” అను. ఫామోటిడిన్ అని అదే కుటుంబంలో మందుంది, వేరేవి కూడా ఉన్నాయి. ఏది నప్పుతుందో ఆయన చూస్తారు. అసలు అన్నేళ్ళుగా రోజూ గ్యాస్ బిళ్ళ ఎందుకు కావలసి వస్తోందో కూడా చూపించుకున్నట్టు ఉంటుంది.

అన్నిటికంటే నాకు భయం వేసేది ఇదిగో, ఇక్కడ. వార్త వినగానే రోజూ వేసుకునే బీపీ మాత్ర, షుగరు మాత్ర, ఫిట్స్ మాత్ర టపీమని మానేస్తారు. అది మాత్రం వద్దు, నా మాట విను. 2018 జులైలో వాల్సార్టన్ అనే బీపీ మందులో అదే ఎన్‌డీఎంఏ దొరికింది. మందు పొడి చేసిన చైనా కంపెనీ తయారీ పద్ధతి మార్చడంతో వచ్చిన చిక్కు అది. తర్వాత మన హైదరాబాదు కంపెనీలు చేసిన కొన్ని బ్యాచ్‌లను కూడా అమెరికాలో వెనక్కి పిలిచారు. అక్కడి అధికారులు లెక్కేసి చెప్పిందేమిటంటే, ఆ మందు అత్యధిక మోతాదులో 8,000 మంది నాలుగేళ్ళపాటు రోజూ వేసుకుంటే, వాళ్ళందరి జీవితకాలంలో ఒక్క క్యాన్సర్ అదనంగా రావచ్చట. బీపీ మాత్ర ఉన్నట్టుండి మానేస్తే వచ్చే పక్షవాతం అంతకంటే చాలా దగ్గర్లో ఉంటుంది. అందుకే వాళ్ళు కూడా వేరే మాత్ర చేతికొచ్చే దాకా ఇదే వేసుకోమన్నారు. నువ్వూ అంతే. ఫోన్ చెయ్, మార్చి రాయించుకో, అప్పుడు పాతది ఆపు.

ఆపినవి తిరిగి రావడమూ ఉంది. 2013 జూన్‌లో పయోగ్లిటజోన్ అనే షుగరు మందుని మూత్రాశయ క్యాన్సర్ భయంతో మన దేశంలో నిలిపేశారు. చవకైన మందు, లక్షలమంది వాడుతున్నారు, ఎక్కడ చూసినా గందరగోళం. నెలన్నరైనా తిరక్కముందే, జులై 31న, పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలన్న షరతుతో మళ్ళీ అనుమతించారు. ఆ మధ్యలో సొంతంగా మందు మానేసి షుగరు పెంచుకున్నవాళ్ళ కష్టం ఎవరు తీరుస్తారు?

రెండు మూడు మందులు ఒకే బిళ్ళలో కలిపినవి ఇంకో తలనొప్పి. ఆ కలపడానికి వైద్యపరంగా తగిన కారణం లేదని 2016 మార్చిలో 344 రకాల్ని ఒకేసారి నిషేధించారు. కంపెనీలు కోర్టుకెళ్ళాయి, నిషేధం కొట్టేశారు, సుప్రీంకోర్టు మళ్ళీ పరిశీలించమంది, 2018 సెప్టెంబరులో 328 రకాలు ఆగాయి. 2024 ఆగస్టులో ఇంకో 156. ఇలా ఆపినప్పుడు కొన్ని బ్రాండ్లు పేరు అలాగే ఉంచి లోపలి మందు మార్చుకుంటాయి. రంగు అదే, పెట్టె అదే, మనం చూసుకోం. కాబట్టి పెద్ద అక్షరాల బ్రాండ్ పేరు కింద ఉండే చిన్న అక్షరాలు చదువు. జలుబు బిళ్ళలో పారాసెటమాల్, జ్వరం బిళ్ళలో పారాసెటమాల్, ఒళ్ళునొప్పుల బిళ్ళలోనూ పారాసెటమాల్ అయితే మూడూ కలిపి లివరు మీద పడతాయి. ఆగిపోయిన మందుకి బదులుగా షాపులో ఇంకేదో ఇస్తే, డబ్బులిచ్చే ముందే ఇది చూసుకోవాలి.

అవునుగానీ, ఈ ఆపడాల్లో చాలావరకు ఎలా మొదలవుతాయనుకున్నావు? ఎక్కడో ఒకరు, “ఈ మందు వేసుకున్నాక నాకిలా అయింది” అని చెబితేనే. మన దేశంలో అలా చెప్పుకోవడానికి 2010 నుంచి ఒక వ్యవస్థ ఉంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024, పనిరోజుల్లో పగటిపూట చెయ్యొచ్చు. డాక్టర్లే చెప్పాలనేం లేదు, మనమూ చెప్పొచ్చు. చాలా మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ ఈ వివరాలు రాసుకునే కేంద్రాలున్నాయి. మందువల్లే అయిందని నువ్వు రుజువు చెయ్యనక్కర్లేదు, అనుమానం చాలు, తేల్చుకునే పని వాళ్ళది. రోగి పేరు బయటపెట్టరు. ఫోన్ చేసేముందు స్ట్రిప్పు, బిల్లు దగ్గర పెట్టుకో. ఏ మందు, ఏ బ్యాచ్, ఎప్పుడు మొదలుపెట్టారు, ఏ రోజున ఏమైంది, దాంతోపాటు ఇంకేం వాడుతున్నారు అని అడుగుతారు. ఆకుపసరు, ఆయుర్వేదం పొడులు లాంటివి ఉంటే అవి కూడా చెప్పు, దాచకు.